నాలుగేండ్ల చేయి

పాలిష్ పనివాడు గంగప్పకు తన పని మీద ఎంత గర్వమంటే, ఆరని చెక్క మీద ఈగ వాలినా ఆ ఈగ వంశాన్నంతా తిట్టిపోసేవాడు. కుందారపల్లి నుంచి హోసూరు దాకా టేకు తలుపులున్న ఇళ్లలో అతని చేయి పడని ఇల్లు తక్కువ. ఆ గర్వమే నాలుగేళ్లుగా అతన్ని లోలోపల తినేస్తోంది.

1998లో, హోసూరు అవతల గులాబీ తోట పెట్టిన జయప్రకాశ్ తన నాలుగేళ్ల కొడుకు రక్షిత్ కోసం పెరట్లో టేకుతో ఆటసామాను చేయించాడు. నిచ్చెన, జారుడుబల్ల, గొలుసుల ఉయ్యాల అన్నీ ఒకే చట్రానికి బిగించి ఉండేవి. దానికి చెక్కలోకి ఇంకే స్టెయిన్ రంగు వేసింది గంగప్పే. మొదటి పూత వేసి, సద్దిమూట విప్పి నాలుగు ముద్దలు తిని వచ్చేసరికి నిచ్చెన స్తంభం మీద, తన తొడ ఎత్తున, బుల్లి అరచేయి అచ్చు కనబడింది. ఐదు వేళ్లూ విడివిడిగా పడ్డాయి. పక్కింటి పిల్లల ఆగడమనుకుని నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ, ఉప్పుకాగితం పెట్టి తెల్లచెక్క తేలేదాకా రుద్ది మళ్లీ రంగు వేశాడు. చేయి ఎక్కడ పడిందో తనే కనుక్కోలేనంత నున్నగా వచ్చింది. మురిసిపోయాడు కూడాను.

రెండు నెలలు తిరక్కుండానే రక్షిత్ జ్వరంతో పోయాడు.

మరుసటి ఏడాది వానలకు ముందు, పిల్లవాడి తల్లి మంజులమ్మ కబురు పంపింది. సామాను పాడవకూడదు, మళ్లీ స్టెయిన్ వెయ్యాలంది. గంగప్ప పని చేస్తుంటే పక్కనే ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది.

"కొత్త సామాను కదప్పా, చేయి వేసి రా నాయనా అని మా రక్షిత్‌ను నేనే పంపించినాను. ఈ ఇంట్లో చేరినప్పుడు గోడకు పసుపు చేయి వేసినాం కదా, అట్ల. పసుపు యాడుండాదమ్మా అన్నాడు. ఆడ రంగుండాదిలే, దాంట్లోనే వెయ్యిరా అన్నాను. ఆ చేయి నీ రంగు కింద భద్రంగా ఉండాది కదా గంగప్పా?"

గంగప్ప కుంచె స్తంభం మీదే ఆగిపోయింది. కొత్త ఎద్దులు కొంటే పసుపు చేయి వేయనిదే కాడి కట్టని మనిషి, ఆ రోజు దాన్ని మరక అని ఎట్లా అనుకున్నాడు?

"ఉండాదమ్మా, యాడికి పోతాది" అన్నాడు. ఆ అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ అతనికి సిగ్గే.

అప్పటినుంచి ఏటేటా వచ్చి పైపైన రుద్దేవాడు, స్టెయిన్ ఒక పూత, వార్నిష్ ఒక పూత వేసేవాడు. అడక్కుండానే మరలు బిగించి, గొలుసులకు నూనె పెట్టేవాడు. ఒకటి మాత్రం అతనికి మింగుడుపడేది కాదు. ఎవరూ ముట్టని చెక్క ఎండకు పగలాలి, వానకు నల్లబడాలి. ఇక్కడ నిచ్చెన మెట్ల మీద వార్నిష్ సరిగ్గా కాలు మోపేచోటే అరిగిపోయేది. జారుడుబల్ల నడిమి అద్దంలా మెరిసేది. ఆ ఇంట్లో మరో బిడ్డ లేదు, పెరటి గేటుకు ఎప్పుడూ తాళమే. గాలికీ వానకూ అరిగిందిలే అని తనకు తాను చెప్పుకున్నాడు. గాలి నిచ్చెన ఎక్కుతుందా అని మాత్రం తనను తాను అడగలేదు.

2003లో మంజులమ్మ వేరే మాట చెప్పింది.

"ఈసారి రంగు వద్దప్పా. ఇంక చాలు, సామాను తీసేద్దామంటాడు మా ఆయన. నేనూ సరే అన్నాను. పోయేముందు ఒక్కసారి నా బిడ్డ చేయి చూసుకోవాల. ఆ రంగంతా గీకి చూపించు."

గంగప్ప ఉప్పుకాగితం చేతిలోకి తీసుకున్నాడు. చూపించడానికి అక్కడేముంది గనక! అయినా కూర్చుని మొదలుపెట్టాడు. మధ్యాహ్నపు ఎండ మాడ్చేస్తోంది. పూత కింద పూత, ఎరుపు కింద గోధుమ రంగు లేచి పొడిగా రాలింది. తొడ ఎత్తున తెల్లచెక్క బయటపడింది. అది ఏమీ లేని వట్టి చెక్క.

మంజులమ్మ పీట మీది నుంచి ముందుకు వంగింది. "ఏదప్పా?"

ఇంక దాచలేకపోయాడు. "నేనే చెరిపేసినానమ్మా. ఆ రోజే. ఎవరో పిల్లోళ్లు మరక చేసినారనుకున్నాను. నన్ను కొట్టమ్మా."

ఆమె కొట్టలేదు, తిట్టలేదు. తల ఎత్తే ముఖం లేక, గంగప్ప గీకుతూనే పోయాడు. అతని చేయి దానంతటదే స్తంభం వెంట పైకి జరిగింది. నడుము ఎత్తు దాటాక చెక్కలో ఏదో నల్లగా తగిలింది. ముడి అనుకుని గట్టిగా రుద్దాడు. పోలేదు. రుద్దేకొద్దీ ఒక వేలు తేలింది, పక్కన ఇంకొకటి. ఐదూ తేలాయి. పూతలన్నిటికీ అడుగున, నాలుగేళ్ల బిడ్డ నిక్కినా అందని ఎత్తున, చెక్కలోకి ఇంకిపోయిన అరచేయి అది. గంగప్ప చేతిలోంచి కాగితం జారిపోయింది.

మంజులమ్మ లేచి వచ్చి తన చేయి దాని మీద ఆనించింది. ఆ వేళ్లు ఆమె పై కణుపుల దాకా వచ్చాయి.

"నువ్వు చెరిపింది నాలుగేండ్ల చేయప్పా" అంది. గొంతులో కోపం లేదు, ఏడుపూ లేదు, సంతోషం ఉంది. దానికే గంగప్ప ఎక్కువ భయపడ్డాడు. "వానికిప్పుడు తొమ్మిది. పెరిగినాడు చూడు."

చాలాసేపటికి చేయి తీసి, ఉయ్యాల వైపు తిరిగింది. "సామాను తీసేది లేదని ఆయనకు నేను చెప్తాను. నువ్వు ఆ ఉయ్యాల కొంచెం పైకి కట్టు. కాళ్లు నేలకు రాసుకుంటా ఉంటాయి."

గంగప్ప ఉయ్యాల దగ్గరికి వెళ్లాడు. బల్ల కింద మట్టిలో రెండు చాళ్లు కొత్తగా పడి ఉన్నాయి. కొక్కేలు విప్పి, గొలుసులు రెండేసి కడియాలు పైకి తగిలించాడు. బల్లను చేత్తో పట్టి నిలిపాడు.

"ఇంతెత్తు చాలా నాయనా?" అని అడిగాడు. అడిగింది మంజులమ్మను కాదు.