పొట్టకు కుట్టిన చెయ్యి

మిషన్లో పడి తోలు ఊడిన మా ఆయన చేతికి పొట్ట మీది చర్మం కప్పారు. ఒక అంచు పొట్టకే ఉంచి, మిగతాది చేతికి కుట్టారు. అతుక్కునేదాకా దానికి నెత్తురు పొట్టనుంచే అందాలట.

ఇంట్లో ఇక్కడి పుల్ల తీసి అక్కడ పెట్టని మనిషి, మంచం మీద మాత్రం కుదురుగా ఉండడు. కుట్లు తెగుతాయేమోనని మూడు వారాలు ఆయన మోచెయ్యి పట్టుకునే కూర్చున్నాను. కదిలినప్పుడల్లా తిట్టాను.

ఈ ఉదయం చెయ్యి విడదీశారు. "ఇక నువ్వు కాస్త పడుకోమ్మా," అంది నర్సు. ఆయన పక్కనే, కుర్చీలోనే ఒరిగిపోయాను.

కళ్లు తెరిచేసరికి మధ్యాహ్నం దాటింది. ఆయన భోజనం ముట్టనే లేదు.

"ఆకలేస్తే నన్ను లేపొచ్చుగా!" అన్నాను.

"కదిలితే తిడతావుగా," అన్నాడు.

ఆయన మోచెయ్యి ఇంకా నా గుప్పిట్లోనే ఉంది.