నలభై ఒకటో నంబరు బూట్లు

గంగులప్ప చనిపోయి పదకొండు రోజులైంది. రోజూ ఉదయం ఫాలిన్‌కి వచ్చి, వరుసలో నా ఎడమ పక్కన నిలబడతాడు. పేరు పిలిస్తే "హాజర్" అంటాడు.

తప్పు అతనిది కాదు. ఎవరి సిపాయి నంబరు వేసిన బూట్లు వాళ్లు స్టోరుకి అప్పగిస్తేనే జాబితాలోంచి పేరు తీస్తారు. శత్రువులకూ అదే నిబంధన, అదే స్టోరు. పక్క కిటికీ దగ్గర వాళ్ల వరుస ఉంటుంది. వాళ్లలో చనిపోయినవాళ్లు మా వాళ్లను అగ్గిపెట్టె అడుగుతుంటారు.

గంగులప్పవి నలభై ఒకటో నంబరు బూట్లు. అవి నా కాళ్లకున్నాయి.

నా యాభై ఏడో నంబరు బూట్లు నన్ను కరుస్తున్నాయని, దాడికి ముందు మధ్యాహ్నం అతనే మార్చుకున్నాడు. "నాయి మడక దున్నిన కాళ్లు లేప్పా ఓబుళేసూ. కరిస్తే బూట్లకే నొప్పి," అన్నాడు.

గుండు తగిలిన చోట అతని ఛాతీలో కంత ఉంది. రోజూ అందులోంచి అవతలి కొండ కనిపిస్తుంది. ఇవాళ వాన కనిపిస్తోంది.

"మా చేన్లో పడతాంది," అంటాడు గంగులప్ప. "చెనిక్కాయ ఇత్తే పదును. ఇంట్లో నా పెండ్లాం నాగలచ్చుమి ఒగతే ఏం జేస్తాదో."

మా ఇద్దర్నీ పిలిపించిన సుబేదారు గది ఇవాళ మరింత పొడుగైంది. ఇద్దరం బల్ల దగ్గరికి చేరేసరికి నాకు గడ్డం పెరుగుతుంది. అతనికి పెరగదు.

సుబేదారు రెండు కాగితాలు చదువుతాడు. "నలభై ఒకటికి విత్తనాల సెలవు మంజూరు. యాభై ఏడు ముందు వరుసకి వెళ్లాలి."

"నలభై ఒకటి నేనే సార్. సచ్చిపోకముందే అర్జీ పెట్టుకుంటి."

సుబేదారు వంగి చూస్తాడు. "నీ కాళ్లకి యాభై ఏడుంది."

"నేను సచ్చిపోయినోణ్ణి సార్."

"అది డాక్టరుకి చెప్పుకో. సెలవు బూట్లకి. లోపల ఎవరున్నారన్నది మేం చూడం." నావైపు తిరుగుతాడు. "ఇవి ఎవరివి?"

పక్క కిటికీలోంచి శత్రువులు కూడా నా కాళ్లే చూస్తున్నారు. ఒక్క మాట చెప్పాలి. రెండు లేసుల ముళ్లు విప్పాలి.

"నావే సార్," అంటాను.

గంగులప్ప తిట్టడు. "కరవల్యా గదా?" అని అడుగుతాడు.

లేదంటాను.

"ఇంగేం మరి," అని, కుంటుకుంటూ రెండోసారి చావడానికి వెళ్తాడు. గది పొడుగునా అతని కంతలోంచి వాన కారుతుంది.

బూట్లు నన్ను తీసుకుని బయలుదేరతాయి. దారి వాటికి తెలుసు. నాకు తెలియదు.

చేను గట్టున ఒకామె కొంగులో విత్తనాలు కట్టుకుని నిలబడి ఉంది. నాగలక్ష్మే. నా ముఖం చూడదు. బూట్లు చూస్తుంది.

"వచ్చినావా? పదును పోతాంది, నడువు."

నడుస్తాను. నా వెనక ప్రతి అడుగు గుంటలో ఒక గింజ వేసి, మట్టి కప్పుతుంది. చేను చివర వెనక్కి తిరిగేసరికి మొలకలు నిటారుగా, వరుసగా నిలబడి ఉన్నాయి.

"గంగులప్పా," అని పిలుస్తుంది నాగలక్ష్మి.

"హాజర్," అంటాయి మొలకలన్నీ, అతని గొంతుతో.

అతను రాలేదని చెప్పడానికి నోరు తెరుస్తాను. తడి మట్టి రాలుతుంది. ఆమె దగ్గరికొచ్చి, కొంగు దులిపి, మిగిలిన ఒక్క గింజనూ నా నోట్లో నాటుతుంది.