ఫారంలో పిల్ల పేరు

బ్యాంకులు, వడ్డీలు, కూలి రేట్ల మీద ముప్పయ్యేళ్లు పరిశోధన చేశాను. ఎవరైనా నన్ను పెద్ద ఆర్థికవేత్త అంటే మార్కాపురం పలకల గని గుర్తొస్తుంది.

అది 1930. మద్రాసులో చదువు ముగించి, సర్కారు తరఫున గని కూలీల అప్పుల వివరాలు రాసుకోవడానికి అక్కడికి వెళ్లాను. అప్పెంత, వడ్డీ ఎంత, పిల్లల పేర్లేమిటి, వయసెంత, కింద వేలిముద్ర. ఆ ఫారం నేనే తయారుచేసి తెగ మురిసిపోయాను. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు, నాలాంటివాణ్ణి చూసే అని ఉంటారు.

మొదటిరోజు ఒక పల్లెలో పది ఇళ్లు పూర్తిచేశాను. రెండోరోజు పక్క పల్లెకు వెళితే ఒక్క పిల్ల కూడా కనిపించలేదు. మొదట మగ్దలీనమ్మ గుడిసెకు వెళ్లాను. గనిలో మట్టి మోస్తుంది, మొగుడు లేడు. అప్పు, వడ్డీ చెప్పింది.

"పిల్లలెందరమ్మా?"

"లేరయ్యా."

దండెం మీద చిన్న లంగా ఆరుతోంది. నాకు కోపం వచ్చింది. "మరి అదెవరిది? అబద్ధం చెబితే సర్కారు ఊరుకోదు" అని గదిమాను. ఆమె గబుక్కున లంగా లాగి కొంగు చాటున దాచుకుంది.

అంతలో గని వైపు డప్పు మోగింది. బండ లేపడానికి తూటా పేల్చే ముందు అట్లా కొడతారు. మగ్దలీనమ్మ ముఖంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు.

"పాతగుంతలో దాచినా నా రూతును. డప్పు ఆ పక్కనే మోగతాంది, ఆడనే పేలుస్తారు. రాసుకో అయ్యా, పిల్లను రాసుకో. తూటా ఆపించు."

ఇద్దరం పరుగెత్తాం. నా పై ప్రాణాలు పైనే పోయాయి. మేస్త్రీ ఓబులేసు వత్తికి నిప్పు పెట్టబోతూ నా కేక విని ఆగాడు. కాసేపటికి ఎనిమిదేళ్ల పిల్ల దుమ్ము కొట్టుకుని పైకొచ్చింది.

"ఎందుకు దాచింది?" అని ఓబులేసును అడిగాను.

"ఏందయ్యా, తెలవనట్ల అడుగుతావు. ఈడ అప్పుకు పిల్లను తాకట్టు పెట్టే పత్రం అట్లనే ఉంటాది. అప్పు, వడ్డీ, పిల్ల పేరు, వయసు, కింద వేలిముద్ర. ముద్ర పడితే పిల్లను పనికి తీసకపోతారు. నిన్న నువ్వు రాసుకుండేది ఇని ఊరూరా పిల్లలను దాచినారు."

నా ఫారం తాకట్టు పత్రం కాదని చెప్పబోయాను. ఈలోగా మగ్దలీనమ్మ కూతురి ముఖం కొంగుతో తుడిచి, జుట్టు సరిచేసి, చెయ్యి పట్టుకుని తెచ్చి నా ముందు నిలబెట్టింది.

"రాసుకోమని మాటిచ్చినా గదయ్యా. ఎప్పుడు తీసకపోతావు?"