నీడలో జాగా

సుక్కమ్మ కుండీని తలకిందులు చేసి, మొక్క మొదలును రెండు వేళ్ళ సందున పట్టుకుని, అంచును తొట్టి గట్టుకేసి తట్టింది. తెల్లటి వేళ్ళు వలలా అల్లుకున్న మట్టిముద్ద కుండీ ఆకారంలోనే జారి అరచేతిలో పడింది. ఒక్క బెడ్డ రాలలేదు. చూసినవాళ్ళూ లేరు. ముద్దను పెద్ద కుండీలో కూర్చోబెట్టి, చుట్టూ ఎర్రమట్టి, కొబ్బరిపొట్టు పోసి బొటనవేలితో నొక్కింది. ఆ వేలి కొస చదునైపోయి, గోరు పక్కకు తిరిగి ఉంటుంది. చిట్యాల దాటాక హైవే పక్కన ఈ నర్సరీ పెట్టిన నాటి నుంచీ నొక్కుతున్న వేలు.

ఆమె జాగా ఎండలో, మట్టికుప్ప దగ్గర. తనతో పనిచేసే ఎస్తేరు జాగా ఆకుపచ్చ వల పందిరి కింద. ఈ ఎండాకాలమైనా తనను పందిరి కిందికి మార్చమని యజమాని కృష్ణకాంత్‌ను సుక్కమ్మ అడుగుతూనే ఉంది. ఆయన "చూద్దాం తియ్" అంటూనే ఉన్నాడు.

"ఎస్తేరు చెయ్యి సల్లటిది," అంటాడాయన. ఫోనులో వీడియో తీసేదీ ఆ చేతులనే. ఆ చేతులకు పని నేర్పిందెవరో ఏ వీడియోలోనూ రాదు.

సుక్కమ్మ కుండీ మార్చిన మొక్కలు సాయంత్రానికి కాస్త తల వాలుస్తాయి. ఎస్తేరువి వాల్చవు. అది నీడ మహిమేనని సుక్కమ్మకు తెలుసు. అయినా ఎస్తేరు కుండీ అడుగున ఏదో వేస్తోందన్న అనుమానమే ఆమెకు ఎక్కువ రుచించింది.

"ఏం కలుపుతున్నవే కుండీల? జర నాక్కూడ చెప్పు," అంది పొద్దున.

"నువ్వు చెప్పిందే అక్కా. ఇంకేం కలుపుత?" నవ్వింది ఎస్తేరు.

"ఫోన్ల వడ్డంక అందరు గట్లనే అంటరు."

మధ్యాహ్నం ఎస్తేరు గిన్నె కడుక్కోవడానికి బోరు దగ్గరకు పోగానే సుక్కమ్మ పందిరి కింద దూరింది. అప్పుడే మార్చిన కాగితంపూల మొక్కను మొదలు పట్టి పైకి లాగింది. కాగితంపూల వేళ్ళు కదిలితే ఓర్చుకోవు, కవరుతో సహా కుండీలో దించి అక్కడే ఆ కవరును కొయ్యాలి అని ఎస్తేరుకు నేర్పింది తనే. ముద్ద చిట్లింది. సన్నటి వేళ్ళు పటపట తెగాయి. చెయ్యి పెట్టి అడుగంతా దేవింది. ఎర్రమట్టి, కొబ్బరిపొట్టు. అంతే. గబగబా మొక్కను నిలబెట్టి, అలవాటు కొద్దీ బొటనవేలితో నొక్కి బయటపడింది.

పొద్దు వాలేసరికి మొక్క తల వేలాడేసింది. వీడియో తియ్యవచ్చిన కృష్ణకాంత్ ఆగాడు.

"ఏందమ్మా గిది? గిట్ల సచ్చినట్టైంది?"

ఎస్తేరు వంగి చూసింది. మొక్క మొదట్లో చదునైన బొటనవేలి గుంట. తానైతే పిడికిలితో నొక్కుతుంది. తలెత్తి ఎండలోకి ఒకసారి చూసింది. అక్కడ సుక్కమ్మ మట్టికుప్పను ఎన్నడూ లేనంత శ్రద్ధగా ఎగదోస్తోంది.

"నా చేతులనే జారింది సార్. కొమ్మలు కత్తిరిస్తే లేస్తది."

"నీ చేతుల జారుడేంది!" అని నవ్వుకుంటూ ఆయన వెళ్ళిపోయాడు.

సుక్కమ్మ పారను మట్టికుప్పలో గుచ్చింది. తప్పు చేసినా కసురు పడదు దీనికి! అదీ తాను చేసిన తప్పు. చివరికి ఆ తప్పును కూడా తనకు మిగల్చలేదు.

ఇంటికి పోయే ముందు బోరు దగ్గర ఎస్తేరు మెల్లగా అంది. "రేపట్నుంచి రాను అక్కా. మా ఆయనకు ఆలేరుల పని దొరికింది, ఆడ్కే పోతున్నం. పందిరి కింద నిన్ను పెట్టుమని పొద్దుగాలనే సారుకు చెప్పిన. ఒప్పుకున్నడు."

సుక్కమ్మ చేతులు కడుగుతూనే ఉంది. మట్టి ఎప్పుడో పోయింది.

"ఆడ గూడ ఎండలు దంచుతయే," అంది చివరికి.

"దంచనీ. ఆ కాగితంపూల దాన్ని జర చూస్కో. బొటనేలితోని నొక్కకు."

ఆటో వచ్చింది. ఎస్తేరు ఎక్కింది.

సుక్కమ్మ పందిరి కిందికి వెళ్ళింది. అక్కడ కొబ్బరిపొట్టు కూరి కుట్టిన గోనెసంచి మెత్త ఒకటి ఉండిపోయింది, మధ్యలో ఎస్తేరు కొలతకు గుంటపడి. దాని మీద కూర్చుని అటు జరిగింది, ఇటు జరిగింది. కుదరలేదు. లేచి, రెండు చేతులా బాది, మెత్తను తిరగేసింది. రెండో వైపూ అదే గుంట.