తొమ్మిది ఊళ్ల పేర్లు

అజాన్ వినబడగానే ఇంట్లో మోగేదేదైనా కట్టేయడం లాడ్లీ బేగంకు రేడియో కాలం నుంచీ అలవాటు. ఆ శనివారం మధ్యాహ్నం కూడా కట్టేసింది. అయితే అది రేడియో కాదు, టీవీ కాదు, కూతురు తాహేరా కంప్యూటరు. కొత్త విండోస్ సగం ఎక్కి ఉండగా పెద్దావిడ ప్లగ్గు పీకేసింది.

మళ్లీ ఆన్ చేస్తే నల్లతెర మీద ఒకటే మాట: ఫైలు దొరకడం లేదు. తాహేరా మెకానిక్‌కు ఫోన్ చేసి సంగతంతా చెప్పింది. కట్టంగూర్ చుట్టూ తొమ్మిది ఊళ్లు తిరిగి, ఫ్లోరిన్ నీళ్లకు నడుములు వంగిపోయినవాళ్ల పేర్లు మూడు వందల పన్నెండు ఆ కంప్యూటరులో ఎక్కించింది. రాసుకొచ్చిన నోటుబుక్కు వానకు నాని ముద్దయింది. సోమవారం కలెక్టరుకు ఇవ్వాలి. కొత్త ప్రింటరు పాత విండోస్‌తో పనిచేయనంటేనే కదా ఈ తిప్పలు పెట్టుకుంది.

నల్లగొండ నుంచి మెకానిక్ రామచంద్రం వచ్చాడు. పనికంటే నోరు పెద్దది మనిషికి.

“నడుమల ఎవరు బంద్ చేసిన్రు?”

లాడ్లీ బేగం తలుపు చాటుకు జరిగింది.

“కరెంట్ పోయింది,” అంది తాహేరా తడుముకోకుండా.

“అయితే ఫార్మాట్ కొట్టుడే. అన్ని పోతయి. మల్ల ఊర్లు తిరుగు, ఏమైతది?”

తాహేరాకు ఒళ్లు మండింది. “ఏమైతదా? గండ్ల కురుమయ్య, గోపమ్మ మొన్ననే సచ్చిపోయిన్రు. వాళ్లను ఏడికి వోయి అడుగాలె? నీ సంచిల ఉన్న ఫ్లాపీ ఇటియ్యి.”

“నీతోని అయ్యే పని గాదమ్మా అది.”

“కాకుంటే కాకపాయె. నువ్వు జర అటు జరుగు.”

విండోస్ లేకున్నా కంప్యూటరును లేపే ఆ స్టార్టప్ ఫ్లాపీ పెట్టి ఆన్ చేసింది. విండోస్ చచ్చినా ఫైళ్లుండే లోపలి డిస్కు చావలేదని ఆమె మొండి నమ్మకం. ఒక్కో అక్షరం కొట్టి ఫోల్డరు వెతికి పట్టింది. ఊరికొక ఫైలు, తొమ్మిదీ ఉన్నాయి. ఖాళీ ఫ్లాపీలోకి ఒక్కొక్కటే ఎక్కించింది. ఏడోది మొరాయించింది. మళ్లీ కొట్టింది, మళ్లీ మొరాయించింది.

“చెప్తినా లేదా?” అన్నాడు రామచంద్రం.

“వందసార్లైనా కొడ్త. నీకేం నొప్పి?”

నాలుగోసారికి ఎక్కింది. నమ్మకం చాలక తొమ్మిదింటినీ రెండో ఫ్లాపీలోకి కూడా ఎక్కించుకుంది.

“ఇగ నేను చేస్త తియ్యి,” అని అతను చెయ్యి చాపాడు.

“నువ్వు కూసోని చాయ్ తాగు.”

ఫార్మాట్ అని తానే కొట్టింది. ఇందులో ఉన్నదంతా పోతుంది, సమ్మతమేనా అని అడిగింది యంత్రం. తాహేరా రెండు ఫ్లాపీలూ ఒక చేత గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో సమ్మతమేనని కొట్టింది.