సమ్మతి గరిటె

నేను ఒక టేకు గరిటెను. రాజమండ్రి శివార్లలో పది కుటుంబాలు పక్కపక్కనే ఇళ్ళు కట్టుకుని, అందరికీ కలిపి ఒక వంటగది పెట్టుకున్నాయి. దాని గుమ్మానికి పోగా మిగిలిన చెక్కతో వడ్రంగి నన్ను చెక్కాడు. పప్పు కలుపుకుంటూ బతికేద్దామనుకున్నాను. మనుషులు బతకనిస్తేగా!

మొదటి సమావేశంలో అందరూ ఒకేసారి అరుస్తుంటే, రిటైర్డ్ ప్రిన్సిపాల్ కామరాజు గారు పప్పులోంచి నన్ను లాగి బల్ల మీద కొట్టారు. "గరిటె ఎవరి చేతిలో ఉంటే వారే మాట్లాడాలండీ!" అన్నారు. ఆయన చొక్కా నిండా పప్పు చిందింది గానీ నియమం మాత్రం నిలిచిపోయింది. ఆదివారం ఎవరింట్లోనూ పొయ్యి వెలిగించరు. భోజనానికి ముందు గుండ్రంగా కూర్చుంటారు, మధ్యలో పప్పు తపేలా ఉంటుంది, నేను చేతులు మారతాను. ఒక్కరు కాదన్నా నిర్ణయం లేదు. మధ్యలో లేచిపోతే ఔనన్నట్టే లెక్క. చివరి మనిషి నన్ను తపేలాలో ముంచి వడ్డిస్తే అందరూ సమ్మతించినట్టు. అందాకా ఎవరికీ అన్నం లేదు. ఒకరి మీద ఒకరికి నమ్మకం ఇలాగే కుదురుతుందని కామరాజు గారి సిద్ధాంతం.

కొన్నాళ్ళు కుదిరింది కూడా. ఇందుమతి వండే ఎండుచేపల వాసన పడక, మానిపించాలని అందరూ పట్టుబట్టారు. నేను హైమ చేతికొచ్చాను. ఆవిడ బడి టీచరు, చేప ముట్టని మనిషి. "ఆవిడింట్లో ఆవిడ వండుకుంటే మనకేంటండీ? నేనొప్పుకోను," అని నన్ను ఒళ్ళో పెట్టుక్కూర్చుంది. ఆ మాట అక్కడితో ఆగిపోయింది. ఇందుమతి ఆవిడ చెయ్యి పట్టుకుని ఏడ్చింది. ఆ రోజు నాకు మనుషులంటే ముద్దొచ్చింది.

హైమకు చినబాబు అని ఒక తమ్ముడు. ముప్పై దాటినా పసిపిల్లాడి మనసు. తన తర్వాత వాణ్ణి చూసే నలుగురుంటారనే ఆవిడ ఇక్కడ చేరింది. వాడు ఆకలేస్తే కంచం వాయిస్తాడు, పక్క కంచంలో అప్పడం లాగేసుకుంటాడు. అంతకుమించి పాపం ఎరగడు.

ఒక ఆదివారం ఆ సంగతే చర్చకొచ్చింది. చినబాబును హోములో చేర్పించాలట. ఒక్కొక్కరూ నన్ను పట్టుకుని, హైమంటే తమకెంత ప్రేమో చెప్పి మరీ సమ్మతమన్నారు. ఇందుమతి మాత్రం నన్ను వదలదనుకున్నాను. ఆవిడ కొంగు సర్దుకుని, "నాకూ సమ్మతమేనండి," అంటూ నన్ను చివరగా మిగిలిన హైమ చేతిలో పడేసింది.

"నేనొప్పుకోను," అంది హైమ.

"తొందరేం లేదమ్మా," అన్నారు కామరాజు గారు చిరునవ్వుతో. "మిమ్మల్నెవరూ బలవంతం చెయ్యరు. మీ మనసు కుదిరేదాకా అందరం ఇలాగే కూర్చుంటాం."

కూర్చున్నారు. ఎంత ఓపికో మహానుభావులకి! పప్పు చల్లారి గడ్డకట్టింది. లోపల కంచం మోత మొదలైంది, తర్వాత ఏడుపు. ఒక్కరూ కదల్లేదు. చివరికి చినబాబే కంచం పట్టుకుని వచ్చాడు. అక్క చేతిలో గరిటె చూడగానే వాడి మొహం వెలిగిపోయింది.

"అక్కా, పప్పు!" అని కంచం చాపాడు.

హైమ అందరి మొహాలూ చూసింది. అందరూ తపేలా వైపే చూస్తున్నారు. నన్ను ముంచితే ఏమవుతుందో ఆవిడకు తెలుసు. ముంచింది. తమ్ముడికి వడ్డించింది.

చప్పట్లు మోగాయి. ఏమనుకున్నాడో, చినబాబు కూడా కంచం కింద పెట్టి సంతోషంగా చప్పట్లు కొట్టాడు.

వాణ్ణి తీసుకెళ్ళిపోయారు. హైమ ఇక్కడే ఉంది, పోవడానికి మరో ఇల్లు లేదు. మొన్న ఎండుచేపల గొడవ మళ్ళీ వచ్చింది. నేను చేతికి రాగానే హైమ తలెత్తకుండా, "నాకు సమ్మతమే," అని నన్ను ఇందుమతికి అందించింది. ఇందుమతి చుట్టూ చూసి, నన్ను తపేలాలో ముంచింది.

మా మధ్య నమ్మకం బాగా కుదిరిందని కామరాజు గారు వచ్చేపోయే వాళ్ళకి నన్ను చూపించి చెబుతున్నారు. నిజమే కాబోలు. ఇప్పుడు పప్పు ఎప్పుడూ చల్లారడం లేదు.