చిటికెడు మందు

రంగులద్దే ఇంట్లో త్రాసు ఉండదు. మా ఆయన ఉమామహేశ్ పామర్రు చుట్టుపక్కల నేతగాళ్ల నూలుకి పాతికేళ్లుగా రంగులు వేస్తున్నాడు. అంతా చిటికెడు లెక్కే. తడి నూలు పిండీ పిండీ ఆయన నడుం పట్టేసింది. ఆయనకీ నిద్ర లేదు, నాకూ లేదు. విజయవాడ గవర్నర్‌పేటలో డాక్టరుగారు రెండు వారాలకి బిళ్లలు రాసి, ఇక వద్దన్నారు.

అప్పుడు ఫోన్‌లో వెతికి ఒక పొడి తెప్పించాడు. కండరాలు వదులు చేస్తుందట, ఫిట్స్ కూడా రానివ్వదట. పొట్లం మీద మాత్రం పరిశోధనకే తప్ప మనుషులు వాడకూడదని ఇంగ్లీషులో ఉంది.

"ఇది చదివారా?" అన్నాను.

"నేను చేసేదీ పరిశోధనేలే," అన్నాడు.

మొదటి వారం హాయిగా నిద్రపోయాడు. నేనూ పోయాను, అబద్ధమెందుకు? తర్వాత ఒక చిటికెడు రెండయింది. అన్నం ముందు కునికేవాడు. ఎరుపు వేయాల్సిన నూలుకి నీలం వేశాడు. మూడు నెలలు ఓర్చుకున్నాను. ఒకరోజు పొద్దున్నే ఒళ్లు మండి, ఆ పొడంతా కాలవలో పారబోశాను. పీడ విరగడైందనుకున్నాను.

మూడోరోజు రంగు తొట్టి పక్కనే పడి కొట్టుకున్నాడు. పుట్టి బుద్ధెరిగి ఆయనకి ఫిట్స్ లేవు. అంబులెన్సులో విజయవాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్లి, పొడి వాడి ఆపిన సంగతి చెప్పాం.

"ఇలాంటివి ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికొస్తుందమ్మా. మెల్లగా తగ్గించాలి," అన్నారు అక్కడి డాక్టరుగారు. "రోజుకి ఎంత వాడేవారు?"

బొటనవేలూ చూపుడువేలూ కలిపి చూపించాను. ఆయన రాయబోయిన పెన్ను దించేశారు.

"ఎవరాపారు?"

"నేనేనండీ," అన్నాడు మా ఆయన మంచం మీంచి. "విసుగొచ్చి మానేశా."

"కాదండీ, నేనే కాలవలో పోశాను," అన్నాను. దాచే ఓపిక కూడా లేదు నాకు.

డాక్టరుగారు వెళ్లాక అడిగాను, నన్నెందుకు వెనకేసుకొచ్చారని.

"నువ్వు పోస్తుంటే పెరట్లోంచి చూశానే రేణుకా. వద్దనలేదు. నాకూ వదిలించుకోవాలనే ఉంది. నా అంతట నావల్ల కాలేదు."

మంచి చేద్దామని చావుదాకా తీసుకెళ్లిన నా చేతిని పట్టుకునే నిద్రపోయాడు. ఈ మూడు నెలల్లో మొదటిసారి అప్పుడే ఏడ్చాను.